నాలుగు రోజుల నాయకత్వం

పోయిన వేసవిలో మా హెచ్.ఆర్. విభాగం నుంచి నాకొక ఉత్తరం వచ్చింది. "మీలోని నాయకత్వ లక్షణాలను సంస్థ గుర్తించింది" అని మొదలై, "ఒక ప్రముఖ బిజినెస్ స్కూలు మహిళా అధికారుల కోసం నిర్వహించే నాలుగు రోజుల నాయకత్వ శిక్షణకు మిమ్మల్ని ఎంపిక చేశాం" అని ముగిసింది. చదివి సంతోషపడ్డాననే చెప్పాలి. ఒక మందుల కంపెనీ క్వాలిటీ విభాగంలో పంతొమ్మిదేళ్ళుగా పనిచేస్తున్నాను. గుర్తించడానికి ఇన్నేళ్ళు పట్టిందా అని మనసులో ఒక మూల చివుక్కుమన్నా, గుర్తించారు కదా అని సర్దుకున్నాను.

మర్నాడు క్యాంటీన్లో ప్రొడక్షన్ విభాగంలో పనిచేసే సహోద్యోగి తనకొచ్చిన ఉత్తరం చూపించాడు. సర్వీసులో నాకంటే నాలుగేళ్ళు చిన్న. అతనిలోనూ నాయకత్వ లక్షణాలను సంస్థ గుర్తించింది. మొదటి వాక్యం అక్షరం పొల్లు పోకుండా ఒకటే. దారులు విడిపోయింది రెండో వాక్యం దగ్గర. అతన్ని పదకొండు నెలల జనరల్ మేనేజ్‌మెంట్ కోర్సుకి పంపుతున్నారు. ఉద్యోగం చేసుకుంటూ శని, ఆదివారాల్లో చదవాలి. ఫైనాన్సు, స్ట్రాటజీ, ఆపరేషన్స్, మార్కెటింగ్, చివర్లో ఒక ప్రాజెక్టు. మా కంపెనీలో జనరల్ మేనేజర్ పదవికి ఈమధ్య అడుగుతున్న అర్హత సరిగ్గా అదే.

అతనికి పదకొండు నెలలు, నాకు నాలుగు రోజులు. ఇద్దరిదీ నాయకత్వమే!

హెచ్.ఆర్. అధికారిని అడిగాను. చాలా మర్యాదస్తుడు. "మేడమ్, మీ ఇంటి బాధ్యతలు ఆలోచించే కదా మీకు ఇబ్బంది లేకుండా ఇది పెట్టాం. పదకొండు నెలల పాటు శని, ఆదివారాలంటే మీకు కష్టం కాదా?" అన్నాడు. ఆ సహోద్యోగికి ఇద్దరు చిన్నపిల్లలు. పెద్దదానికి ఆరేళ్ళు, రెండోవాడికి రెండు నిండలేదు. అతని ఇంటి బాధ్యతల గురించి మాత్రం ఎవరూ ఆలోచించినట్టు లేదు. నా కూతురు ఇంటర్ రెండో సంవత్సరం చదువుతోంది. తన అన్నం తను వండుకోగలదు, అవసరమైతే నాకూ పెట్టగలదు. అయినా బాధ్యతలు నావేనట!

అప్పటినుంచి రెండు నెలల పాటు బిజినెస్ స్కూళ్ళ బ్రోచర్లు ముందేసుకుని కూచున్నాను. హైదరాబాదులో వీటికి కొదవ లేదు. 1956 నుంచి స్టాఫ్ కాలేజీ ఉంది. 2001లో గచ్చిబౌలిలో బిజినెస్ స్కూలు వచ్చింది. 2015లో విశాఖపట్నానికి ఐ.ఐ.ఎం. వచ్చింది. ఇక ఆన్‌లైన్లో అయితే దేశంలోని ఏ పెద్ద సంస్థ కోర్సయినా మన వంటింటి గట్టు మీదకే వస్తుంది. ఫీజులు లక్షల్లో, ఆపైన 18 శాతం జి.ఎస్.టి., కట్టలేకపోతే వాయిదాలు. ఫలానా కోర్సు మంచిది, ఫలానాది దండగ అని చెప్పడానికి నేను ఇది రాయడం లేదు. ఇన్ని కోర్సుల్లో ఒకటి ఎంచుకోవడం మన చేతుల్లోనే ఉన్నట్టు కనిపిస్తుంది కానీ, మనం ఎంచుకునేలోపే మనకోసం ఎవరో ఎంచేసి ఉంటారనీ, ఆ ఎంపికను స్త్రీల మీద దయ పేరుతో మన చేతిలో పెడతారనీ చెప్పడానికే ఇది రాస్తున్నాను.

స్త్రీల నాయకత్వ శిక్షణ నాకు కొత్త కాదు. 2016లో ఇలాంటి రెండు రోజుల కార్యక్రమానికి ఒకసారి వెళ్ళాను. మొదటి రోజు పొద్దున ఆత్మవిశ్వాసం గురించి చెప్పారు. మధ్యాహ్నం గొంతు గురించి. మీటింగుల్లో మన గొంతు సన్నగా పలుకుతుందట, దాన్ని ఎలా దించి పలకాలో సాధన చేయించారు. రెండో రోజు దుస్తులు. చీరా, సూటా అనే దాని మీద గంటన్నర చర్చ జరిగింది. చివర్లో ఇంటినీ ఉద్యోగాన్నీ ఎలా సమతూకంలో ఉంచుకోవాలో, 'నో' అనే మాట నవ్వుతూ ఎలా చెప్పాలో చెప్పారు. అక్కడికి వచ్చిన వాళ్ళలో ఒకావిడ 300 మంది పనిచేసే ప్యాకింగ్ యూనిట్‌ని నడుపుతోంది. ఇంకొకావిడ ఒక బ్యాంకులో రానిబాకీలు వసూలు చేసే విభాగానికి అధిపతి. గూండాల్లాంటి వాళ్ళ ఎదురుగా కూచుని బాకీ కట్టించుకొచ్చే మనిషికి ఆత్మవిశ్వాసం ఎలా పెంచుకోవాలో పాఠం చెప్పారు! మేమందరం బుద్ధిగా రాసుకున్నాం. నేనూ రాసుకున్నాను. ఆ నోటుపుస్తకం ఇప్పటికీ నా దగ్గరే ఉంది.

ఆ రెండు రోజుల్లో బ్యాలెన్స్ షీటు చదవడం ఎవరూ నేర్పలేదు. ఒక ఫ్యాక్టరీ మూసెయ్యాలని బోర్డు నిర్ణయించేటప్పుడు ఏ లెక్కలు చూస్తుందో ఎవరూ చెప్పలేదు. డబ్బు ఎటునుంచి వస్తుంది, ఎటు పోతుంది, ఎవరి సంతకంతో పోతుంది అనే సంగతులు మా దరిదాపులకి రాలేదు. అంటే అధికారం గురించి తప్ప మిగతావన్నీ నేర్పారన్నమాట.

ఇక్కడ నా ఉద్యోగం గురించి కొంచెం చెప్పాలి. మందుల తయారీలో ఏదైనా బ్యాచ్ తేడా వస్తే మేం 'డీవియేషన్' రాస్తాం. ఏం జరిగింది, ఎందుకు జరిగింది, మూలకారణం ఏమిటి, మళ్ళీ జరగకుండా ఏం చేస్తున్నాం అన్నీ కాగితం మీద పెట్టాలి. ఈ పనిలోకి కొత్తగా వచ్చిన పిల్లలు మూలకారణం గడిలో రాసే మాట ఒకటే... "ఆపరేటర్ తప్పు." తీసుకున్న చర్య గడిలో రాసేది కూడా ఒకటే... "ఆపరేటర్‌కి మళ్ళీ ట్రైనింగ్ ఇచ్చాం." ఆ కాగితాన్ని నేను ఎర్రగీత పెట్టి వెనక్కి పంపుతాను. తనిఖీకొచ్చే ఇన్‌స్పెక్టర్లు ఇలాంటి జవాబు చూడగానే అడిగే ప్రశ్న నాకు కంఠతా వచ్చు. అంతకుముందు ఆమెకి ట్రైనింగ్ ఇవ్వలేదా? ఇచ్చి ఉంటే మళ్ళీ అదే ట్రైనింగ్‌తో ఏం మారుతుంది? మిషను ఎలా ఉంది? గదిలో వెలుతురు ఎలా ఉంది? ఆ షిఫ్టులో ఎంతమంది ఉండాలి, ఎంతమంది ఉన్నారు? మీరు రాసిపెట్టిన పద్ధతి మనిషి చేయగలిగేలా ఉందా? తప్పు ఒక్కసారి జరిగితే మనిషిని అనుమానించవచ్చు, అదే తప్పు ప్రతి షిఫ్టులోనూ జరుగుతుంటే చూడాల్సింది పద్ధతిని. ఇది మా వృత్తిలో ఓనమాలు.

మరి కంపెనీల్లో పైకి పోయేకొద్దీ స్త్రీలు కనిపించకపోవడం అనే డీవియేషన్‌కి మూలకారణం గడిలో ఏం రాస్తున్నారు? స్త్రీలలో ఆత్మవిశ్వాసం తక్కువ, చొరవ తక్కువ, అడగడం తెలియదు, గొంతు సన్నం. తీసుకున్న చర్య? నాలుగు రోజుల ట్రైనింగ్. ఆపరేటర్ తప్పు, ఆపరేటర్‌కి మళ్ళీ ట్రైనింగ్! నా కింద పనిచేసే ఇరవై రెండేళ్ళ పిల్ల ఇలా రాసుకొస్తే ఒప్పుకోని నేను, నా విషయంలో మాత్రం రెండు రోజులు కూచుని నోట్సు రాసుకున్నాను. ఆ సిగ్గు నాకు ఇంకా పోలేదు.

మా విభాగంలో లెక్క చెప్తాను. లాబొరేటరీలో పరీక్షలు చేసే ఎనలిస్టుల్లో సగం మంది అమ్మాయిలు. సెక్షన్ హెడ్లు తొమ్మిది మంది ఉంటే అందులో ఇద్దరు స్త్రీలు. ఆపైన నేనొక్కదాన్ని. నాపైన ఎవరూ లేరు. ఈ అమ్మాయిలు ఎక్కడ రాలిపోతున్నారు? సెక్షన్ హెడ్ కావాలంటే రాత్రి షిఫ్టు అనుభవం ఉండాలి, బయట ఊళ్ళ ఆడిట్లకి వెళ్ళిన అనుభవం ఉండాలి. రాత్రి షిఫ్టు దిగిన వాళ్ళని కంపెనీ బస్సు మెయిన్ రోడ్డు మీద వదిలేస్తుంది. అక్కడినుంచి ఇంటికి ఎలా పోవాలో ఎవరికి వాళ్ళే చూసుకోవాలి. ఆడిట్ జట్టులో ఒకే అమ్మాయి ఉంటే హోటల్లో ఆమెకి వేరే గది తీయాలి కాబట్టి, ఖర్చని ఆమెని జట్టులోంచి తీసేస్తారు. అమ్మాయిలంతా గొంతు దించి, సూట్లు వేసుకుని మాట్లాడినా ఆ బస్సు మాత్రం మెయిన్ రోడ్డు మీదే ఆగుతుంది కదా?

సరే, స్త్రీల కోర్సు వద్దు, మగవాళ్ళు వెళ్ళే కోర్సుకే వెళ్దాం అనుకుంటే అక్కడ మాత్రం మనకోసం ఎర్ర తివాచీ పరిచి ఉందా? ఈ చదువుకి పెద్ద దిక్కయిన హార్వర్డ్ బిజినెస్ స్కూలు 1908లో పుట్టింది. స్త్రీలని తన రెండేళ్ళ ఎం.బి.ఏ. కోర్సులో చేర్చుకున్నది 1963లో. యాభై అయిదేళ్ళు! ప్రపంచమంతా బిజినెస్ స్కూళ్ళలో చదివే కేస్ స్టడీల్లో ఎక్కువభాగం అక్కడ తయారైనవే. కేస్ స్టడీ అంటే ఒక కథ. ఒక కథానాయకుడు, అతనికొక సమస్య, అతనేం చెయ్యాలో తరగతి అంతా చర్చిస్తుంది. ఆ కథానాయకుల్లో స్త్రీలు ఎంతమంది? 2014లో ఆ స్కూలు డీన్ నితిన్ నోహ్రియా తమ విద్యార్థినులు ఎదుర్కొన్న వివక్షకి బహిరంగంగా క్షమాపణ చెబుతూ, స్త్రీలు ప్రధానపాత్రలుగా ఉండే కేసుల్ని అయిదేళ్ళలో 20 శాతానికి పెంచుతామని మాట ఇచ్చాడు. అప్పటికి ఉన్నవి అందులో సగం కూడా లేవు. వందేళ్ళు దాటిన ఒక సంస్థ పెట్టుకున్న లక్ష్యం అయిదింట ఒకటి! సాహిత్యం చదివే మనకి ఇది కొత్తగా ఉండదు. కథ ఎవరిది, ఎవరి కళ్ళలోంచి చెబుతున్నారు అని మనం నలభై ఏళ్ళుగా అడుగుతూనే ఉన్నాం. బిజినెస్ స్కూలు కూడా కథలు చెప్పే చోటేననీ, అక్కడా ఆ ప్రశ్న అడగాలనీ మనకి తట్టలేదు, అంతే.

ఒకవేళ కథలో స్త్రీ ఉంటే ఏమవుతుంది? హైడీ రోయిజన్ అనే సిలికాన్ వ్యాలీ వ్యాపారవేత్త మీద హార్వర్డ్ 2000లో ఒక కేసు రాసింది. పరిచయాలు పెంచుకుని, వాటిని వాడుకుని పైకొచ్చిన మనిషి ఆవిడ. 2003లో కొలంబియా బిజినెస్ స్కూల్లో ఫ్రాంక్ ఫ్లిన్ అనే అధ్యాపకుడు ఒక పని చేశాడు. సగం మంది విద్యార్థులకి కేసు ఉన్నదున్నట్టు ఇచ్చాడు. మిగతా సగానికి హైడీ పేరు తీసేసి హోవార్డ్ అని పెట్టి ఇచ్చాడు. ఇద్దరూ సమర్థులేనని రెండు సగాలూ ఒప్పుకున్నాయి. కానీ హోవార్డ్ అయితే కలిసి పనిచెయ్యడానికి బావుంటాడు, హైడీ స్వార్థపరురాలు, ఆమెతో మాకొద్దు అన్నారు. ఒక్క పేరు మార్పు! ఆ జవాబులు చెప్పిన వాళ్ళే రేపు మనకి బాసులు. మన నాయకత్వ లక్షణాలకి మార్కులు వేసేది వాళ్ళే. ఈ విషయం తెలిశాక, "మరింత చొరవ చూపండి, పరిచయాలు పెంచుకోండి" అని స్త్రీలకి చెప్పే శిక్షణని ఏమనాలి? ముల్లు ఉన్న చోటే కాలు గట్టిగా పెట్టమన్నట్టు లేదూ?

ఇక 'వర్కింగ్ ప్రొఫెషనల్స్' అన్న మాట. ప్రతి బ్రోచర్ మీదా ఉంటుంది. ఉద్యోగం చేస్తున్న వాళ్ళకి వీలుగా, శని, ఆదివారాల్లో మాత్రమే తరగతులు అంటారు. శని, ఆదివారాలు ఖాళీగా ఉండే ఆ ఉద్యోగి ఎవరు? వారమంతా మిగిలిన బట్టలు, పప్పులు, డబ్బాలు, అత్తయ్య డాక్టరు దగ్గరకి ప్రయాణం, చుట్టాల గృహప్రవేశం... మనకి ఇవన్నీ పడేది శని, ఆదివారాల్లోనే కదా. 2024లో కేంద్ర ప్రభుత్వం చేసిన సమయ వినియోగ సర్వే ప్రకారం, ఇంటి చాకిరి చేసే స్త్రీలు రోజుకి సగటున 289 నిమిషాలు దానికి పెడుతున్నారు. ఇంటిపని చేసే పురుషులు పెట్టేది 88 నిమిషాలు. అసలు చెయ్యని మగవాళ్ళు ఈ సగటులోకి రానేరారు. తేడా రోజుకి 201 నిమిషాలు. ఏడాదికి లెక్కేస్తే 1,200 గంటలు దాటుతుంది. నేను చేరాలనుకున్న పదకొండు నెలల కోర్సులో మొత్తం తరగతులు 180 గంటలు. అంటే ఆ తేడాలో మనం ఏడాదికి ఆరు నాయకత్వ కోర్సులు చదవచ్చు! చదవనక్కర్లేదు, కనీసం పడుకోవచ్చు.

మా ఆయన బ్యాంకులో పనిచేస్తారు. చాలా ఏళ్ళ క్రితం ఆయన ప్రమోషన్ కోసం సి.ఎ.ఐ.ఐ.బి. పరీక్షలకి చదువుతుంటే మా ఇంట్లో టీవీ మూగబోయింది. పాపని నేను మేడమీదకి తీసుకుపోయి ఆడించేదాన్ని. "వాడు చదువుకుంటున్నాడు" అని అత్తయ్య పాలవాడితో కూడా గుసగుసగానే మాట్లాడేది. ఇప్పుడు నా మొదటి ఆన్‌లైన్ తరగతి నడుస్తుండగా ఆయన తలుపు తీసి, "నీది అయిపోయిందా? అయితే టీ తాగుదాం" అన్నారు. ఆయన చెడ్డవాడు కాడు, పెట్టమనలేదు, తాగుదామన్నారు. టీ ఎవరు పెట్టాలో ఇద్దరికీ తెలుసు. ఆ తెలియడంలోనే ఉంది అంతా. తెరమీద నలభై మంది 'సంస్థలో మార్పుని నడిపించడం ఎలా' అని వింటున్నారు. నేను పాలు పొంగకుండా చూసుకుంటున్నాను.

ఇంతవరకూ చెప్పింది నాకు జరిగిన అన్యాయం. నా వల్ల జరిగింది కూడా చెప్పకపోతే ఈ వ్యాసం రాసే అర్హత నాకుండదు. కోర్సుకి అడ్డం లేకుండా ఉండాలని మా ఇంట్లో పనిచేసే ఆవిడని శని, ఆదివారాలు మధ్యాహ్నం కూడా రమ్మన్నాను. జీతం పెంచుతాననే చెప్పాను. ఆమె కాసేపు ఊరుకుని, "శనారం, ఐతారం గూడ రమ్మంటున్నరు. మరి నాకు సుట్టి ఎప్పుడమ్మా?" అంది. ఆమె నాకంటే పెద్దది. నన్ను మీరు అంటుంది, నేనామెని నువ్వు అంటాను. మా హెచ్.ఆర్. అధికారి నా బాధ్యతల గురించి నా తరఫున ఆలోచించినట్టు, నేను ఆమె ఆదివారం గురించి ఆమె తరఫున ఆలోచించేశాను. ఏ బిజినెస్ స్కూలూ నేర్పకుండానే నాకు మేనేజ్‌మెంటు వచ్చేసింది! 'లీన్ ఇన్' పుస్తకం మీద 2013లో బెల్ హుక్స్ చేసిన విమర్శ అప్పట్లో చదివి తల ఊపాను. పైకెక్కే స్త్రీ ఎవరి భుజాల మీద కాలు పెట్టి ఎక్కుతోంది, జాతి, వర్గం ఏమయ్యాయి అన్నదే ఆ విమర్శలోని సారం. నా ఇంట్లో, నా సౌకర్యం కోసం అది జరిగేసరికి తల ఊపడం అంత తేలిక కాలేదు. ఆవిడ ఆదివారం ఆవిడకే ఉండిపోయింది. ఆదివారం వంట ఇప్పుడు మా ఆయనా, మా అమ్మాయీ చేస్తున్నారు. బాగా చేస్తున్నారని చెప్పను. తింటున్నాం.

"అసలు బిజినెస్ స్కూలుకి ఎందుకు పోవాలి? అది పెట్టుబడి వంటిల్లు. అక్కడ స్త్రీవాదం ఏం వండుతావు?" అని ఒక మిత్రురాలు అడిగింది. యూనివర్సిటీలో పాఠాలు చెప్తుంది. ఆమె ప్రశ్నని నేను తేలిగ్గా తీసుకోను. నాయకత్వం అంటే ఏమిటో మనకి చెప్పడానికి ఏ బ్రోచరూ అక్కర్లేదన్నది నిజమే. నెల్లూరు జిల్లా దూబగుంటలో అక్షరాలు దిద్దుకుంటూ వాచకంలో సారా పాఠం చదివిన ఆడవాళ్ళు 1992లో తమ ఊరి సారా కొట్టు మూయించారు. వర్ధినేని రోశమ్మకి ఎవరూ గొంతు దించుకోవడం నేర్పలేదు. జిల్లాలకి జిల్లాలు కదిలితే 1993 అక్టోబరు 1 నుంచి ప్రభుత్వం సారాని నిషేధించాల్సి వచ్చింది. సారా వేలం పాటలనీ, ఖజానా ఆదాయాన్నీ, మొగుళ్ళ చేతులనీ ఒక్కసారే ఎదుర్కొన్న ఆ నాయకత్వాన్ని ఏ కేస్ స్టడీలో ఇముడుస్తారు? అక్కడ కథానాయిక ఒక్కతి కాదు, ఊరు ఊరంతా కథానాయికలే. బిజినెస్ స్కూలు కథకి ఒక్క మనిషే కావాలి, అందుకే ఇది వాళ్ళ లెక్కలోకి రాదు.

కానీ మిత్రురాలికి నేను చెప్పిన జవాబు కూడా వినండి. మా యూనిట్‌లో 200 మందికి పైగా స్త్రీలు పనిచేస్తున్నారు. వాళ్ళకి శిశుసంరక్షణ గది ఎక్కడ పెట్టాలి, బస్సు ఎక్కడ ఆగాలి, కాంట్రాక్టు పనివాళ్ళకి ప్రసూతి సెలవు ఉందా లేదా అన్నవి ఒక గదిలో నిర్ణయమవుతాయి. ఆ గదిలో మాట్లాడే భాష డబ్బుది. 2017లో ప్రసూతి చట్టాన్ని సవరించి, 50 మంది, అంతకు మించి ఉద్యోగులున్న చోట శిశుసంరక్షణ ఏర్పాటు ఉండాలన్నారు. మా దగ్గర అది రెండేళ్ళు 'బడ్జెట్ లేదు' అన్న ఒక్క మాట మీద ఆగింది. బడ్జెట్ ఉందో లేదో ఆ కాగితం చూసి చెప్పగలిగే స్త్రీ ఆ గదిలో ఒక్కతి కూడా లేదు. 2013 కంపెనీల చట్టం లిస్టెడ్ కంపెనీల బోర్డుల్లో కనీసం ఒక స్త్రీ ఉండాలంది. ఆ కుర్చీలో యజమాని భార్యనో, కూతుర్నో కూచోబెట్టిన కంపెనీల గురించి అప్పట్లో పత్రికలు బోలెడు రాశాయి. కుర్చీ ఇస్తారు, లెక్కలు నేర్పరు. లెక్కలు వచ్చిన దానికి కుర్చీ ఇవ్వరు. పెట్టుబడి వంటిల్లు అయితే కానివ్వండి, అక్కడ ఏం ఉడుకుతోందో మూత తీసి చూడకుండా బయట నిలబడి వాసనని తిట్టుకుంటూ ఎంతకాలం ఉంటాం?

పైగా ఆ వంటింట్లో మనవాళ్ళు మొదటినుంచీ లేకపోలేదు. బోస్టన్‌లో సామాజిక కేంద్రాల్లో ఏళ్ళ తరబడి పనిచేసిన మేరీ పార్కర్ ఫాలెట్ 1920లలోనే వ్యాపార సంస్థల వాళ్ళకి ఉపన్యాసాలిచ్చింది. అధికారం ఒకరి మీద చేసేది కావచ్చు, లేదా పదిమందితో కలిసి పెంచుకునేది కావచ్చు అని తేడా చెప్పింది. ఆమె 1933లో చనిపోయాక ఆ చదువు ఆమెని దాదాపుగా మరిచిపోయింది. నాయకత్వం అంటే 'కలిసి' అని చెప్పిన మనిషిని మరిచిపోయి, 'మీద' అని చెప్పినవాళ్ళని పాఠ్యపుస్తకం చేసుకుంది. ఆమె పేరు నా కోర్సు పాఠ్యప్రణాళికలో వెతికాను. లేదు.

పెద్దవయసు స్త్రీల కోసం చదువు ఎలా ఉండాలో మన దగ్గర తెలియక కాదు. దుర్గాబాయి దేశ్‌ముఖ్ వ్యవస్థాపక అధ్యక్షురాలిగా ఉన్న కేంద్ర సాంఘిక సంక్షేమ బోర్డు 1958లో కండెన్స్‌డ్ కోర్సులు మొదలుపెట్టింది. బడి మధ్యలో మానేసిన స్త్రీలు తక్కువ కాలంలో పరీక్షలు పాసై ఉద్యోగాల్లోకి వెళ్ళడానికి పెట్టిన కోర్సులవి. అక్కడ ప్రశ్న స్త్రీల దగ్గర ఏం లోపం ఉందని కాదు. ఆమెకి దక్కనిది ఏమిటి, దాన్ని ఆమె బతుకులో ఇమిడేలా ఎలా అందించాలని. ఎక్కువ కాలంలో ఇచ్చేదాన్ని తక్కువ కాలంలో ఇచ్చారు. ఇప్పుడు ఈ నాలుగు రోజుల వాళ్ళు చేస్తున్నది కూడా కుదించడమే అంటారేమో. కానీ వాళ్ళు సిలబస్‌ని కుదించడం లేదు, మనల్ని కుదిస్తున్నారు.

అందుకే, ఉద్యోగం చేస్తూ ఇలాంటి కోర్సు ఎంచుకోవాలనుకునే స్నేహితులు ర్యాంకులు చూసేముందు కొన్ని ప్రశ్నలు అడగమని నా మనవి. మీ కంపెనీ మగవాళ్ళని పంపేది ఏ కోర్సుకి, మిమ్మల్ని పంపేది ఏ కోర్సుకి? మీ కోర్సు తర్వాత మీకు చెప్పే ప్రమోషన్ ఏమిటి, అది కాగితం మీద ఉందా? సిలబస్‌లో ఫైనాన్సు ఎన్ని గంటలు, 'వ్యక్తిత్వం' ఎన్ని గంటలు? బోధించే వాళ్ళలో స్త్రీలు ఎంతమంది, వాళ్ళు చెప్పేది అంకెలా, ఆత్మవిశ్వాసమా? కేసుల్లో కథానాయికలు ఉన్నారా? ఉంటే వాళ్ళ కింద పనిచేసే స్త్రీలు ఆ కథలో మాట్లాడతారా? ఫీజు ఎవరు కడుతున్నారు, బాండు ఎన్నేళ్ళు, మీ పక్కవాడి బాండు ఎన్నేళ్ళు? మీ ఆదివారం ఎక్కడినుంచి వస్తోంది, దాన్ని ఎవరి దగ్గరనుంచి తీసుకుంటున్నారు? ఈ చివరి ప్రశ్న కంపెనీని కాదు, మనల్ని మనం అడగాలి.

స్త్రీలు మాత్రమే ఉండే శిక్షణలన్నీ వ్యర్థమని నేను అనడం లేదు. 2016లో ఆ రెండు రోజుల్లో నాకు మిగిలింది ఏదైనా ఉంటే అది టీ విరామాల్లోనే. ప్యాకింగ్ యూనిట్ నడిపే ఆవిడ, బ్యాంకు ఆవిడ, నేను... జీతాల గురించి ఒకరికొకరం నిజం చెప్పుకున్నాం. మన పక్క కుర్చీ మగవాడికంటే మనకెంత తక్కువ వస్తోందో ఆ పూటే మొదటిసారి తెలిసింది. సిలబస్‌లో లేని పాఠం అది. ఆ పాఠాన్నే సిలబస్ చేసి, పైన లెక్కలూ చట్టాలూ చేర్చి ఏడాదిపాటు ఎవరైనా స్త్రీలకి నేర్పిస్తే, అందరికంటే ముందు నేను చేరతాను.

హెచ్.ఆర్.కి నేను జవాబు రాసిన సంగతి చెప్పి ముగిస్తాను. మా డీవియేషన్ ఫారం తీసుకుని అందులోనే నింపాను. జరిగినది: ఒకే అర్హత ఉన్న ఇద్దరికి రెండు వేరు వేరు శిక్షణలు. మూలకారణం: ఎంపిక పద్ధతి. ఆపరేటర్ తప్పు లేదు. తీసుకోవలసిన చర్య: ఇద్దరికీ ఒకే కోర్సు. మూడు వారాల తర్వాత పిలిచి, ఫీజులో సగం కంపెనీ కడుతుందని, రెండేళ్ళ బాండు రాయాలని చెప్పారు. నా సహోద్యోగికి ఫీజు మొత్తం కంపెనీదే, బాండు మాత్రం అంతే. మిగతా సగం నా పి.ఎఫ్. లోంచి తీసి కట్టాను. గెలిచానని అనుకోవడం లేదు. ఆ సగం ఫీజుకి ఇంకో ఫారం నింపాను, అది ఇంకా తెరిచే ఉంది.

ఇప్పుడు మూడో నెల నడుస్తోంది. తరగతిలో నలభై మందిలో ఆరుగురం స్త్రీలం. బ్యాలెన్స్ షీటు చదవడం వచ్చింది. మొట్టమొదట చదివింది మా కంపెనీదే. 'బడ్జెట్ లేదు' అన్న ఆ రెండేళ్ళూ అందులో ఉన్నాయి. చివర్లో చెయ్యాల్సిన ప్రాజెక్టుకి నేనిచ్చిన అంశం, ఎనలిస్టుకీ సెక్షన్ హెడ్‌కీ మధ్య అమ్మాయిలు ఎక్కడ రాలిపోతున్నారన్నది. "ఇది కాస్త సున్నితమైన విషయం మేడమ్, సప్లై చెయిన్ మీద ఏదైనా చేసుకోకూడదా?" అని హెచ్.ఆర్. అధికారి ఎప్పటిలాగే మర్యాదగా అడిగాడు.

నవ్వుతూ 'నో' అని చెప్పడం 2016లో నేర్పారు కదా. నవ్వకుండా చెప్పాను.